మా బావను పాము కరిచింది ఏడున్నరకు కాదు

ఆస్పత్రిలో డాక్టరుగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న "ఎన్నింటికి కరిచింది?" అని. "ఏడున్నరకండి" అన్నాను. అది అబద్ధం. మా బావను పాము కరిచింది ఆరు గంటలకు. మధ్యలో గంటన్నర ఏమైందో నేను పది నెలల పాటు ఎవరికీ చెప్పలేదు. ఆ గంటన్నర తాలూకు నింద మరొకరు మోస్తుంటే పక్కనే ఉండి చూశాను. ఇది రోగి కథే గానీ, రాస్తున్నది రోగి కాదు, రోగిని ఆ స్థితికి తెచ్చినవాడు.

నాకు యాభై ఒకటి. గూడూరు మండలంలో ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచరుని. మా అక్క కరుణను దివిసీమలో ఇచ్చారు. బావ పేరు ఏసురత్నం, కౌలు వ్యవసాయం. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ స్నేహం. వాళ్ళ ఊరి మురుగుకాలువ పక్కన జమ్ములో వలలు కట్టి నీటికోళ్ళు పట్టడం మాకు అలవాటు. అది నేరమని నాకు తెలుసు. పిల్లలకు పక్షుల్ని కాపాడాలని పాఠం చెప్పేవాడిని కూడా నేనే.

ఆ సోమవారం మా స్కూల్లో ఒక మాస్టారి రిటైర్మెంటు. నీటికోళ్ళ కూర తెస్తానని స్టాఫ్ రూములో గొప్పలు పోయాను. బావ మొదట వద్దన్నాడు. "వరి పొట్ట మీదుందిరా, గట్లనిండా పాములు. కోతలయ్యాక చూద్దాం" అన్నాడు. నేను వినలేదు. శనివారం సాయంత్రం వలలు కట్టొచ్చాం. ఆదివారం తెల్లారుతుండగా, పొలంలో నీళ్ళు చూసొస్తామని అక్కకు చెప్పి బయల్దేరాం. చర్చి వేళకు వచ్చేస్తామన్నాం.

రెండో వల తీస్తున్నప్పుడు బావ ఒక్కసారిగా కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఏదో కొట్టిందిరా కాలికి."

"ముల్లేమో చూడు."

"ముల్లయితే ఇంత మంటుండదు."

చీలమండ పైన రెండు చుక్కలు. గట్టు మీద గడ్డి కదలడం చూశాను. నేను చూసింది అంతే. అయినా, "నీరుకట్టె బావా, చూశాను, ఒంటి మీద గళ్ళు కనపడ్డాయి. దానికి విషం ఉండదు" అన్నాను. గళ్ళూ కనపడలేదు, పామూ కనపడలేదు. ఇంకా మూడు వలలు తీయాలి. ఎండ ఎక్కితే పొలాలకు జనం వస్తారు. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది ఆ రెండు సంగతులే.

బావ నా ముఖం చూశాడు. "నువ్వు చూశావుగా, సరే" అని మళ్ళీ నీళ్ళలోకి దిగాడు.

మూడో వల దగ్గర ఒకసారి కూర్చున్నాడు. నాలుగో వల దగ్గర మళ్ళీ కూర్చున్నాడు. "చెప్పు పట్టట్లేదురా" అన్నాడు. నేను వలలు మడుస్తూ, "బురదలో నాని ఉబ్బింది, వచ్చేయ్" అన్నాను. పక్షుల గోతాన్ని మోటారు షెడ్డులో దాచేసరికి ఏడుంబావు దాటింది. అప్పుడు బావ వాంతి చేసుకున్నాడు. నోరు కడుక్కుని ఉమ్మితే ఎర్రగా పడింది. చిగుళ్ళలోంచి రక్తం. అది నీరుకట్టె కాదని అప్పుడు నాకు తెలిసిపోయింది.

తెలిశాక కూడా నేను అన్న మాట ఇది: "బావా, ఇంటి వెనక గట్టు మీద ఇప్పుడే కరిచిందని చెబుదాం. వలల సంగతి బయటికొస్తే నా ఉద్యోగం ఉండదు."

"సరేలేరా. ముందు నడవనీ" అన్నాడు, నా భుజం మీద బరువంతా వేసి.

ఇంటికి చేరేసరికి ఏడూముప్పావు. అక్కకు నేను అనుకున్న కథే చెప్పాను. వాళ్ళ అత్తవారింట్లో ఒక పద్ధతి ఉంది. పాము కరిస్తే వేపాకు నమిలిస్తారు. చేదు తెలిస్తే విషం ఎక్కలేదని, తెలియకపోతే ఎక్కిందని లెక్క. అక్క తోటికోడలు సునీత పక్క వాటాలోనే ఉంటుంది. తనే పరుగెత్తుకెళ్ళి రెమ్మ విరుచుకొచ్చింది.

"చేదుగా ఉందా?" అంది అక్క.

"చేదు గాక తియ్యగా ఉంటదా" అన్నాడు బావ.

"ఇంకో నాలుగాకులు నమిలించక్కా, గట్టిగా తెలుస్తది" అంది సునీత.

నమిలించారు. పసుపు రాశారు. అక్క ప్రార్థన చేసింది. నేను ఆటోకి ఫోన్ చేసి వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాను. రక్తం ఉమ్మాడని ఒక్క మాట అంటే ఆ వేపాకు అక్కడే పడేసేవాళ్ళు. ఎప్పటి నుంచి అని అడుగుతారని అనలేదు. ఆటో ఎక్కేసరికి ఎనిమిదీ పది, దగ్గర్లోని ఆస్పత్రికి చేరేసరికి తొమ్మిది కావొస్తోంది.

అక్కడ రక్తం తీసి గాజు ట్యూబులో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు పక్కన పెట్టారు. గడ్డ కడితే మంచిదని నర్సు చెప్పింది. ఆ ఇరవై నిమిషాలూ ట్యూబుకీ తలుపుకీ మధ్య తిరిగాను. డాక్టరుగారు వచ్చి ట్యూబు వంచారు. రక్తం నీళ్ళలా జారింది.

"రక్తపింజర. ఏఎస్‌వీ పది వయల్స్ ఎక్కించండి" అన్నారు. ఏఎస్‌వీ అంటే పాము విషానికి విరుగుడు మందు. తరవాత మా వైపు తిరిగి, "ఏడున్నరకు కరిస్తే ఇంతలోనే ఇలా ముదిరిందంటే... మధ్యలో ఏం చేశారు?" అని అడిగారు.

అక్క చెప్పింది. "వేపాకు నమిలించానండి. చేదు తెలిసిందండి."

"ఈ విషం నాలుక మీద తెలియదమ్మా, రక్తంలో తెలుస్తుంది. మీరు పోగొట్టిన ఆ అరగంట ఆయన ప్రాణానికి కావలసిన అరగంట."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తనకు జానెడు దూరంలో ఉన్నాను.

మందు ఎక్కుతుంటే బావకు వణుకు, దద్దుర్లు. రియాక్షన్ అని చెప్పి ఆపి, ఇంజెక్షన్ ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. ఆరు గంటల తరవాత చూస్తే అప్పటికీ రక్తం గడ్డ కట్టలేదు. మళ్ళీ ఎక్కించారు. మర్నాడు, "రక్తం దారికొచ్చింది గానీ యూరిన్ ఔట్‌పుట్ తగ్గింది. క్రియాటినిన్ పెరుగుతోంది. బందరు తీసుకెళ్ళండి, డయాలసిస్ పడొచ్చు" అన్నారు. అంబులెన్సులో చల్లపల్లి మీదుగా వెళ్తుంటే, స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా బావ కాలు పట్టుకుని మూలిగాడు.

బందరులో తొమ్మిదిసార్లు డయాలసిస్ చేశారు. నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది. గోడమీద అదే నోటీసు రోజుకు పదిసార్లు చదివేవాడిని. గంటకోసారి వెళ్ళి యూరిన్ బ్యాగు చూసేవాడిని. యాభై మిల్లీలీటర్లు పెరిగితే, బిగించి పట్టుకున్న నన్ను ఎవరో వదిలినట్టు ఉండేది, తగ్గితే మళ్ళీ నడక. వార్డులో అందరూ నన్ను మెచ్చుకునేవారు. "బావమరిదంటే ఇలా ఉండాలి" అని పక్క మంచం పెద్దాయన అన్నప్పుడు టీ తెస్తానని బయటికి వెళ్ళిపోయాను.

మూత్రం దారిలో పడుతోందనుకుంటుండగా కాలు నల్లబడింది. చచ్చిపోయిన కండ తీసేయాలన్నారు. తీశారు. జ్వరం, ఇన్ఫెక్షన్. తొడ నుంచి చర్మం తీసి కాలికి వేశారు. బావ ఇంటికి వచ్చేసరికి నలభై రోజులు దాటింది.

ఇంటికొచ్చాక బావకు నయమవుతూ వచ్చింది. అక్కకే అవలేదు. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా వేపాకు సంగతే ఎత్తారు. రెమ్మ విరిచి తెచ్చిన సునీతే, "మా ఇంట్లో వేపాకు డాక్టరమ్మ ఉంది, ఫీజు కూడా పుచ్చుకోదు" అని నవ్వేది. అక్క ఎదురు చెప్పేది కాదు. ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి అందరూ లేస్తుంటే తను మాత్రం తలవంచుకుని కూర్చునేది. ఎందుకని పాస్టరుగారు అడిగితే, "మొగుడి కాలు తినేసిన దాన్నండి, నాకు యోగ్యత లేదు" అందట. మా ఊరి చర్చిలో నేను మాత్రం లేచి తీసుకుంటూనే ఉన్నాను.

బావ ఆగలేక ఒకరోజు తనే నిజం చెప్పేశాడు. అక్క నమ్మలేదు. "నా బాధ చూడలేక కథలల్లుతున్నారు. మా తమ్ముడు సాల్మన్ టీచరు. డాక్టరు దగ్గర అబద్ధం చెబుతాడా?" అందట. బావ నాకు ఫోన్ చేశాడు. "నేను చెబితే నమ్మట్లేదురా. నువ్వు చెప్పాల్సిందే." వచ్చే వారం వస్తానన్నాను. అలా ఎన్ని వారాలు అన్నానో.

చివరికి బందరు రివ్యూకి బావను నేను తీసుకెళ్ళిన రోజు, ఆయన్ని బయట కూర్చోబెట్టి కిడ్నీ డాక్టరుగారికి మొత్తం చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టారు.

"గంటన్నర నీళ్ళలో నడిపించారా? మీరు అక్కడ ఏం చేస్తున్నారో మాకు అక్కర్లేదండి. ఎప్పుడు కరిచిందో, తరవాత ఏం జరిగిందో కావాలి. ఆవిడ పోగొట్టింది ఓ అరగంట. అది కూడా తప్పే. కానీ మిగతాదంతా ఆవిడ నెత్తిన ఎందుకు పెట్టారు?"

ఇప్పుడు బావకు డయాలసిస్ అవసరం లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకటీ పాయింట్ ఎనిమిది దగ్గర ఆగింది, మామూలు కంటే ఎక్కువే. ఉప్పు తగ్గించి తింటాడు, మూడు నెలలకోసారి టెస్టులు. కుంటుతూ గట్ల దాకా వెళ్తాడు గానీ బురదలో దిగలేడు. కౌలు సగం వదులుకున్నాడు. వలలు నేనే తగలబెట్టాను. మా హెడ్మాస్టరుగారికి జరిగింది చెప్పాను, రాసి కూడా ఇచ్చాను. దాని మీద ఏం వస్తే అది పడతాను.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. పొలంలో, కాలువలో, వేటలో, ఎక్కడైనా పాము కరిస్తే అది ఏ పామో మీరు తేల్చకండి. కాటు పడినవాడిని ఉన్నచోటే కూర్చోబెట్టి, కాలు కదపనీయకుండా మోసుకుని నేరుగా ఏఎస్‌వీ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి. వెళ్ళకూడని చోట ఉన్నా సరే, కరిచిన టైము కరెక్టుగా చెప్పండి.

రివ్యూ అయిన వారానికి, మధ్యాహ్నం బస్సులో అక్క దగ్గరికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని చేపలు తోముతోంది. "భోజనం చేశావా?" అంది. చేయలేదన్నాను. నిలబడే చెప్పాను. ఆరు గంటలు, వలలు, నేను చూడని పాము, చిగుళ్ళ రక్తం, అన్నీ. తోమడం ఆపలేదు. అంతా అయ్యాక చేతులు కడుక్కుంది.

"డాక్టరు నన్ను అన్నేసి మాటలంటుంటే నువ్వెక్కడున్నావురా?"

"నీ పక్కనే ఉన్నానక్కా."

అక్క పక్క వాటా గోడవైపు తిరిగి, "సునీతా, ఇలా రా. మా తమ్ముడేదో చెప్పడానికొచ్చాడు, విను" అని కేకేసింది. సునీత వచ్చి అరుగు దగ్గర నిలబడింది. లోపలి నుంచి బావ గుమ్మం దాకా వచ్చాడు.

"మళ్ళీ చెప్పు. మొదటి నుంచీ" అంది అక్క.

ఈసారి గట్టిగా చెప్పాను. ఏదీ వదల్లేదు. "బావ కాలు ఇలా అయింది నా వల్ల, కిడ్నీలు పాడైంది నా వల్ల. నీ మీద పడ్డ ప్రతి మాటా నా మీద పడాల్సింది. తెలిసే నీ మీద పడనిచ్చాను. నన్ను క్షమించక్కా."