కోసేసిన తెల్ల కాగితం

దయ్యాలు గియ్యాలు అంటే నవ్వేటోణ్ణి నేను. పోయినోళ్ల ఫొటోలకు ఫ్రేములు కట్టుడే నా పని, భయపడితే పొట్ట గడుస్తదా?

అప్పటికి తెలంగాణ ఇంకా వేరు పడలే. మోండా మార్కెట్ పక్క గల్లీల మా దుకాణం. పద్మారావు నగర్ నుంచి చైనా ఆంటీ ఒక బొమ్మ తెచ్చింది. వాళ్ల తాతలు చైనా నుంచి వచ్చి ఇక్కడ్నే ఉండిపోయిండ్రట, అందుకే అందరం అట్ల పిలుస్తం. ఆమె భర్త పళ్ల డాక్టర్. నెల కింద కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండట, ఆమెకు ఒక్క మాట సుత చెప్పకుండ. ఆయన గీసిన ఆఖరి బొమ్మ అది. ఎడమ పక్క నల్ల బండ, దాన్ని ఆనుకొని మూడు ఎర్ర పూలు. కుడి పక్కంత ఖాళీ.

"జెర పైలం బాబూ, ఆయనది ఇదొక్కటే మిగిలింది" అన్నది.

మా దగ్గర అలవాటు ఏందంటే, దేవుని పటమైనా క్యాలెండర్ బొమ్మైనా ఖాళీ జాగ కోసేసి రెడీమేడ్ ఫ్రేముల ఇమిడిస్తం. గట్లనే ఆ ఖాళీ మీద పెన్సిల్‌తో కొలత రాసుకొని, జానెడు కోసి, చెత్త డబ్బాల పడేసిన. అద్దం బిగించి వెనక టేపు అంటించిన.

సాయంత్రం ఆమె వచ్చి చూసింది. తిట్టలే. ఆ ఖాళీ సుత ఆయన గీసిందేనని మెల్లగ చెప్పింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. రేపటికి అతికిస్తనని మాటిచ్చిన.

పొద్దుగాల్నే డబ్బా బోర్లించిన. ముక్క దొరికింది. దాని మీద, నేను కోసినప్పుడు లేని ఒక ఎర్ర రేకు, గాలికి కొట్టుకపోతున్నట్టు. రంగు కింద నా పెన్సిల్ అంకె కనబడుతుంది. ఫ్రేము చూస్తే నడిమి పువ్వుకు ఒక రేకు జాగ తెల్లగుంది. వెనక టేపు ఊడలే, అద్దం కదల్లే.

ఇగ ఏం పరేషానో! కూసుంటే లేవాలనిపిస్తది, లేస్తే నడవాలనిపిస్తది. లాలాగూడ దాకా పోయి వచ్చిన. గిరాకీలతో ఊరికెనే కొట్లాడిన.

ఆంటీ వస్తే ముక్క చేతిల పెట్టిన. రేకు మీద వేలు పెట్టి, "పోతున్నప్పుడు చెప్పలే. ఇప్పుడు చెప్పిండు" అన్నది. అతికించనియ్యలే. ఫ్రేము చంకల పెట్టుకొని, ముక్కను చీర కొంగుల చుట్టుకొని పోయింది.

అది ఎట్లయిందో నాకిప్పటికీ సమజ్ కాలే. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కాని ఖాళీ కాగితం మీద కత్తెర పెట్టాలంటే మాత్రం చెయ్యి ఆడదు.