చెంపకు ఆనించి చూసిన కర్ర

నిన్న గద్వాలలో కొత్తగా తెరిచిన పూల్ హాలుకు వెళ్లాను, బిలియర్డ్స్ లాంటి ఆట అది. లోపల అడుగు పెట్టానో లేదో, ఎవరో బంతిని కొట్టే క్యూ కర్రను టేబుల్ మీద దొర్లిస్తున్న గరగర చప్పుడు వినిపించింది. కర్ర తిన్నగా ఉందో లేదో చూడటానికి అందరికీ తెలిసిన పద్ధతి అదే: పచ్చ గుడ్డ మీద దొర్లించి, మొన ఎగురుతోందా అని చూడటం. నాకూ అంతే తెలుసు, కొత్తకోటలో సులోచనక్క కంట పడేదాకా.

అక్క భర్తకు హైవే పక్కన దాబా ఉండేది. దాని మేడ మీద అక్క పట్టుబట్టి రెండు పూల్ టేబుళ్లు వేయించింది. మధ్యాహ్నం పూట అక్కడికి ఆడవాళ్లే రావాలి. లారీ డ్రైవర్లు మెట్ల దగ్గర బతిమాలినా, "పొద్దుగూకినంక రాండ్రి" అని పైనుంచే పంపేసేది. నేనప్పుడు ఊళ్లో ట్రాక్టర్ల షోరూంలో పనిచేసేదాన్ని. తిండి మానుకుని మరీ ఆ మెట్లెక్కేదాన్ని. మొదటి రోజు ఒక కర్రను దొర్లించి, అన్నీ తెలిసినదానిలా "ఇది వంకరుందక్కా" అన్నాను.

"వంకర కట్టెదా, టేబుల్‌దా?" అంది అక్క. "గీ టేబుల్ ఓ దిక్కు జర ఒరిగుంటది. దీని మీద మంచి కట్టె గూడ కుంటుతది. ఇటియ్యి."

కర్ర లావు కొసను చెంపకు ఆనించుకుంది. సన్న కొసను టేబుల్ అంచు మీద పెట్టింది. ఒక కన్ను మూసి, వేళ్లతో మెల్లగా తిప్పింది. తర్వాత నన్ను చూడమంది. తిన్నని కర్ర ఎంత తిప్పినా కదలనట్టే ఉంటుంది. వంగినదైతే నడుమ ఉబ్బినట్టు కనిపించి, ఆ ఉబ్బు కర్రతో పాటు తిరుగుతుంది. దాన్ని మొదటిసారి నా కంటితో పట్టుకున్నప్పుడు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. అక్కడున్న కర్రలన్నీ తీసి చూశాను. షోరూంకు ఆలస్యంగా వెళ్లి చీవాట్లు తిన్నాను, అయినా నవ్వు ఆగలేదు.

అక్కది నోరు కాదు, మైకు. బంతి తప్పాక నేను కర్ర వంక చూశానంటే అయిపోయానన్నమాటే. "కట్టెను ఎందుకు జూస్తవ్? చూసుడు ఆటకు ముందుగాల. షురూ అయినంక దాని మీద మాటొద్దు" అని కింద దాబాలో తినేవాళ్లకు కూడా వినపడేలా అరిచేది. నాకు ఒళ్లు మండేది. మర్నాడు మళ్లీ వెళ్లేదాన్ని.

ఆ వేసవిలో నాగర్‌కర్నూల్‌లో పోటీ పెట్టారు. గెలిచిన అమ్మాయి హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీకి వెళ్తుంది. మా నాన్నకు ఈ ఆటంటే గిట్టదు. "దాబా మీద ఆటలేందే? గీ ఒక్కసారి పో. ఓడితివా, ఇగ ఆ మెట్లెక్కొద్దు" అన్నాడు. నాన్న అన్నాడంటే అన్నట్టే. అప్పటికి నేను సొంతంగా ఒక కర్ర కొనుక్కున్నాను. ఎండల్లో బతికే పాలమూరు వాళ్లం కదా, విలువైనది ఏదైనా చల్లగా దాచడమే మాకు తెలిసిన జాగ్రత్త. కర్రను కూలర్ పక్కన, దాని గాలి తగిలేలా నిలబెట్టాను. పసిబిడ్డలా చూసుకుంటున్నానని మురిసిపోయాను కూడా.

పోటీ రోజు హాలు బయట అక్క ఆ కర్రను చెంపకు ఆనించి తిప్పింది. ఆమె మొహం మాడిపోయింది.

"ఏడ పెట్టినవే దీన్ని?"

"కూలర్ కాడ అక్కా. ఎండకు ఖరాబైతదని."

"తేమ గుంజి వంగింది."

ఏడుపొచ్చింది. హాలులో ఉన్న ఏదో ఒక కర్రతో ఆడతానన్నాను. "వద్దు. దాని బరువు నీ చేతికి తెలిసేటాలకు ఆట అయిపోతది. ఏడ్వకు, ఎటు వంగిందో చూద్దాం" అని మళ్లీ తిప్పింది. ఉబ్బు సరిగ్గా పైకి వచ్చిన చోట ఆపి, తన నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి కర్ర లావు భాగం మీద అంటించింది.

"కొట్టినప్పుడల్లా గీ బొట్టు పైకుండాలె. పక్కకు తిరిగితే బంతి గూడ పక్కకు పోతది. పరేషాన్ గాకు, పో."

అలాగే ఆడాను. బొట్టు చూసుకోవడం, ఊపిరి బిగబట్టడం, కొట్టడం. చివరి ఆటలో నా ఎదుట ఉన్న గద్వాల అమ్మాయి, పడేసిన వాళ్లే గెలిచే ఆఖరి నల్ల బంతి దగ్గర వెంట్రుకవాసిలో గురి తప్పింది. నా వంతు. వంగి గురి చూశాక బొట్టు పక్కకు జరిగి కనిపించింది. లేచాను, సరిచేసుకున్నాను, కొట్టాను. నల్ల బంతి అంచుకు తగిలి, ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, లోపలికి పడింది. అక్క వేసిన కేకకు రిఫరీ కూడా ఉలిక్కిపడ్డాడు. నేను ఆమెను పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

హైదరాబాద్‌కు వెళ్లేలోపు అక్క చూసి ఇచ్చిన వేరే కర్ర తీసుకున్నాను. నాన్న "నేను గూడ వస్త" అని నాతో బస్సెక్కాడు. అక్కడ మొదటి ఆటలోనే ఓడిపోయాను. బయటికి వచ్చాక నాన్న కర్రను చేతిలోకి తీసుకుని, "ఇది గూడ వంకరుండెనా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. అవునంటే నమ్మేవాడు. ఓడితే ఆ మెట్లెక్కొద్దన్న మాట నాకు గుర్తుంది.

"లేదు నాయినా. కట్టె మంచిగనే ఉండె. నేనే తప్పిన" అన్నాను.

నాన్న కర్రను సంచిలో పెట్టి, తన భుజానికే తగిలించుకుని, "మల్ల పోటీ ఎన్నడంట?" అన్నాడు. ఎన్ని ఆటలు గెలిచినా ఆ సాయంత్రం కలిగిన సంతోషం మళ్లీ కలగలేదు. తప్పు నాదని చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ ఉంది. అది సులోచనక్క నాకు అరిచి అరిచి నేర్పినది.