లింగస్వామి ఉన్ని బంతి

మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసే లింగస్వామికి నోటికంటే చెయ్యి ముందు లేస్తుంది. ఆ చేత్తోనే కూతురు అఖిలకు బ్యాడ్మింటన్ నేర్పాడు. వడ్లు ఆరబోసే గచ్చు మీద, పసుపు ఉన్ని బంతితో, ఆరేళ్లు. అక్కడి హమాలీలకు బ్యాడ్మింటన్ అంటే ఆ బంతాటే. ఈకలదాన్ని షటిల్ అంటారు.

ఉమ్మడి జిల్లా సెలక్షన్లకు స్కూలు వాళ్లు అఖిల పేరు పంపారు. వయసు దాటిపోతోంది, ఆ పిల్లకు ఇదే ఆఖరు ఏడు. తండ్రీకూతుళ్లు పొద్దున్నే సూర్యాపేటలో దిగి, ‘బ్యాడ్మింటన్’ అన్న బోర్డు చూసి నేరుగా ఇండోర్ హాల్లోకి నడిచారు.

లోపల తులసీరాం అనే కోచ్ తల్లిదండ్రులకు పాఠం చెబుతున్నాడు. “మన పూనాల తెల్లదొరలు ఆడిన్రు. ఇంగ్లండుకు పట్టుకపోయిన్రు. ఇయ్యాల చైనా, డెన్మార్క్, ఆడని దేశం లేదు.” అంతలో అఖిల చేతిలోని బంతి చూసి నవ్వాడు. “ఏంది పాపా, స్వెట్టర్ అల్లనీకి వచ్చినవా?”

“గాలి లేసినప్పుడు ఆ దొరలు గీ ఉన్ని బంతితోనే ఆడిన్రు సారూ,” అన్నాడు లింగస్వామి. తనకు ఆట నేర్పిన పాత మేస్త్రీ చెప్పిన మాట అది.

“అందుకే మీ బంతాట గాలికి కొట్టుకపోయింది.”

హాలంతా నవ్వింది. లింగస్వామి బ్యాటు అంచుతో తులసీరాం కనుబొమ్మ మీద కొట్టాడు. చర్మం చీలి నెత్తురు చొక్కా మీదికి కారింది. నలుగురు మీద పడి లింగస్వామి తలను నెట్ స్తంభానికి బాదారు. ముందుపన్ను ఊడింది. కింద పడ్డవాణ్ణి డొక్కలో తన్నారు, కుడి మణికట్టును బూటుతో తొక్కారు. ఎముక విరిగిన చప్పుడు అఖిలకు వినబడింది. అడ్డం వెళ్లిన ఆ పిల్ల పెదవీ చిట్లింది. జాలి సంగతి అటుంచి, ముందు చెయ్యెత్తిన ఈ తండ్రి మీద కోపమే వస్తుంది నిజానికి.

పోలీస్ స్టేషనూ దవాఖానా అయ్యేసరికి సాయంత్రం నాలుగు. పడేసిన బ్యాటు కోసం అఖిల వెనక్కి వెళ్లింది. హాలు వెనక మట్టి మైదానంలో సున్నం గీతలు, చుట్టేస్తున్న నెట్టు, ఒక టీచరు చేతిలో పసుపు ఉన్ని బంతులు కనిపించాయి.

“అఖిలవు నువ్వేనా? పొద్దటి సంది మూడుసార్లు పిలిచినం. బాల్ బ్యాడ్మింటన్ గీడనే గద. సెలక్షన్ ఖతమైంది బిడ్డా.”

గేటు దగ్గర కట్టుతో కూర్చున్న తండ్రికి ఆ సంగతి చెప్పింది.

“కొట్టే ముందు ఎవరినన్న జర అడిగితే అయిపోతుండె గద, నాయినా.”

లింగస్వామి ఎడమ చెయ్యి లేచింది. ఈసారి తన చెంప మీదే పడింది.