మొగ్గలకు కుళ్లాయిలు

లోకంలో ఒంటరివాళ్లు చాలా రకాలు. రేడియో మోగుతుంటే తప్ప నిద్రపట్టనివాళ్లు కొందరు, వాచీ పెట్టుకుని కూడా దారినపోయేవాణ్ణి ఆపి టైమెంతని అడిగేవాళ్లు కొందరు. మిషనక్క మాత్రం గులాబీ కుండీతో మాట్లాడేది. మేడమీద ఒకే ఒక గది, కిటికీ దగ్గర కుట్టుమిషను, కిటికీ అవతల ఆ కుండీ.

"పూశాక చెప్పక్కా, వచ్చి చూసిపోతా" అన్నాడు తమ్ముడు ఫోన్లో. అతను గుమ్మం తొక్కి ఏళ్లయింది. ఆ మాటతో మొగ్గలే ఆవిడ పంచప్రాణాలయ్యాయి.

కిందటిసారి మొగ్గలన్నీ పురుగులపాలే. చీకటిపడే వేళ చిమ్మటలు వచ్చి వాలడం ఆవిడ కళ్లారా చూసింది. అందుకే ఈసారి మిగిలిపోయిన దోమతెర గుడ్డతో ఒక్కో మొగ్గకూ కుళ్లాయి కుట్టి, దారంతో బిగించింది.

జాకెట్టు కోసం వచ్చిన టీచరమ్మ పడీపడీ నవ్వింది.

"మొగ్గలకు కూడానా మిషనక్కా! కొలతలెవరిచ్చారు?"

"నీలాగా బిగుతయిందనీ వదులయిందనీ ప్రాణం తియ్యవులే అవి!"

రోజులు గడిచినా మొగ్గలు రంగు తిరగలేదు. అనుమానమొచ్చి కుళ్లాయి విప్పితే నల్లటి రెట్ట గింజల్లా రాలింది. మొగ్గకు సూదితో పొడిచినంత బెజ్జం. చీల్చి చూస్తే లోపల ఆకుపచ్చని పురుగు, చుట్టచుట్టుకుని హాయిగా ఉంది. గసగసాలంత గుడ్లు ముందే అంటుకుని ఉన్నాయన్నమాట. మొగ్గనూ ఆకుల అడుగునూ తడిగుడ్డతో తుడిచాక కదా కుళ్లాయి వెయ్యాలి! గుండుసూదులు తియ్యకుండా లైనింగు కుట్టేసినట్టయింది. పిట్టలు పొడుచుకు తినకుండా పురుగులకు ఆవిడే కాపలా కాసింది.

బెజ్జం పడ్డ మొగ్గలన్నీ తుంచి సబ్బునీళ్లలో వేసింది. వదిలేస్తే పురుగు మట్టిలోకి దిగి, మళ్లీ చిమ్మటై వస్తుంది. ఒక్కదాని దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. సగమైనా విచ్చుకుంటుందేమో. సగం పువ్వునైనా పువ్వనే చెప్పొచ్చు కదా. చాలాసేపు అలాగే నిలబడి, చివరికి దాన్నీ తుంచేసింది.

తడిచేతులు తుడుచుకుని ఫోను చేసింది.

"పురుగు తినేసిందిరా. పువ్వుల్లేవు. ఊరికే రారా."

అవతల టీవీ చప్పుడు. ఎవరో నవ్వుతున్నారు.

"చూస్తాలే అక్కా."

కత్తెరైనా పెట్టని గుడ్డ గురించి అడిగినవాళ్లకు ఆవిడ చెప్పే మాటా అదే. అందుకే, ఎప్పుడని అడగలేదు.