తువ్వాలు కింద ధర

మోకాళ్ళకు నీలగిరి తైలం రుద్దుకుంటే చాలు, ఇప్పుడు చింతామణిలో ఉన్న మా ఇంట్లోకి నా పదేళ్ళప్పటి చలికాలం వచ్చి కూర్చుంటుంది. ఆ వాసన మా మామది. అనపకాయల వాసనతో వీధులు మత్తెక్కి, అవ్వ పొయ్యి మీద, నానిన అనపగింజల పొట్టు పితికి తీసిన పితికిపప్పు పులుసు కుతకుతమనే రోజుల్లో, వేరుశెనగ పెరికిన చేలో ఊరి మగవాళ్ళు కబడ్డీకి గీతలు గీసేవారు. ఒళ్ళంతా తైలం పూసుకుని కూతకు వెళ్ళే మామ ఎవరి పట్టుకూ చిక్కేవాడు కాదు.

ఆ ఏడు చింతామణి నుంచి టమాటా మండీ సావుకారు మా ఊరికి వచ్చాడు. ఆయనకు సొంత జట్టు ఉండేది. డేరా కట్టి, టికెట్టు పెట్టి ఆడించేవాడు. పిల్లలు అబద్ధమాడరనుకున్నాడో ఏమో, నన్నే అడిగాడు.

"మీ మామకు దమ్ము ఎంతసేపుంటాదమ్మా?"

"అవ్వ ఎసరు పెట్టినప్పుడు కూతకు పోతే, సంగటి దించేదాకా ఇడవడప్పా. మొన్న ఎనిమిది మంది మీద పడితే, వాళ్ళతో పాటు గీతను గూడా లాక్కొనొచ్చినాడు."

సావుకారు నవ్వి, ఎద్దుల సంతలో లాగే, మామను కన్న మా తాత చేతి మీద తువ్వాలు కప్పాడు. దాని కింద, నొక్కినన్ని వేళ్ళే ధరగా, వేళ్ళు వేళ్ళను నొక్కి బేరమాడుకున్నాయి. ఎంతకు తెగిందో ఆ ఇద్దరికే తెలుసు. పైకి చెప్పకపోవడం సంత మర్యాద. మూడేళ్ళు మామ మండీలోనే పడుకోవాలి, మండీ తిండే తినాలి, మండీ జట్టుకే ఆడాలి. తాత ఆ డబ్బుతో బావి లోతు చేయించాడు. మామను ఎవరూ అడగలేదు.

నెల తిరిగేసరికి మండీ జట్టుకూ మా ఊరికీ పోటీ పడింది.

"మనోళ్ళ మీద నేనెట్లా ఆడేది? ఏదో ఒకటి చెప్పి తప్పించమ్మే," అని మామ టమాటా పెట్టెల మధ్య కూర్చుని బతిమాలాడు. నేను సావుకారు దగ్గరికి పరిగెత్తి, మామకు కూత మధ్యలో కళ్ళు తిరుగుతాయనీ, ముందు చెప్పిందంతా కతేననీ అన్నాను.

"కతని ఆ పొద్దే తెలుసులేమ్మా. టికెట్లు తెగేది దానికే," అంటూ ఆయన మైకు నా చేతిలో పెట్టాడు. "ఆ గీత లాక్కొచ్చింది ఇంకోసారి చెప్పు."

చెప్పాను. డేరా నిండిపోయింది. మామ కూతకు వెళ్ళాడు. మా ఊరివాళ్ళు కాళ్ళకు చుట్టుకున్నారు. వాళ్ళను ఈడ్చుకుంటూనే గీత దాటాడు. ఊరు ఓడింది. అవ్వ మామకు తెచ్చిన పితికిపప్పు డబ్బాను, మండీ తిండి తప్ప వేరేది కూడదని, మండీవాళ్ళు వాకిట్లోనే తిప్పి పంపారు.

ఇప్పుడు నా ఫోనులో కబడ్డీ ఆటగాళ్ళ వేలం. పక్క మంచం మీంచి మామ చూస్తున్నాడు.

"ధర పైకే అరుస్తాండారే. ఆ అమ్ముడుబోయే పిల్లోడు గూడా వింటాండాడు."

"వింటాండాడు మామా."

"నాది ఎంతో నీకు తెల్సా?"

తాత చెప్పకుండానే పోయాడు. సావుకారూ పోయాడు. ఆ డేరా లేదు, ఆ చేనూ లేదు. మామ తన తువ్వాలు తీసి నా చేతి మీద కప్పి, లోపల వేళ్ళు చాచి ఎదురుచూశాడు. ఎన్నో కతలు అల్లినదాన్ని. ఎన్ని వేళ్ళు నొక్కాలో తెలియక, ఆయన చేయి పట్టుకుని అలాగే కూర్చున్నాను.