ముందు ‘ఆగు’ అను

తడిసిన నాపరాతి వాసన తగిలితే నేను ఇప్పటికీ నడుస్తున్నవాణ్ని ఆగిపోతాను. ఆ వెనకే తాండూరు దగ్గరి రాతిగని, అక్కడి నర్సప్ప మేస్త్రి గుర్తుకొస్తారు. యాభైల మొదట్లో ధారూరులో రైలెక్కి ఆ గనిలో గుమస్తాగా చేరాను. వయసు ఇరవై రెండు, చదువుకున్నానన్న పొగరు అంతకు రెండింతలు.

పైపొరను మందుపెట్టి పేల్చేవారు. ఉర్దూలో ఉన్న హెచ్చరికను తెలుగులో రాసి, రోజూ పొద్దున కూలీలకు చదివి వినిపించమన్నాడు యజమాని. “ఎర్రజెండా ఎత్తి, మూడో ఈల ఊది, గుంతలోని వారందరూ పైకి వచ్చి ఉంటే తప్ప వత్తి ముట్టించరాదు” అని రాసి, ఒక్క వాక్యంలో ఇమిడ్చానని మురిసిపోయాను.

అక్షరం ముక్క రాని నర్సప్ప కళ్లు మూసుకుని విన్నాడు. “మంచిగనే ఉంది సారూ. గాని వద్దన్న మాట ఆఖరుకు పెట్టినవ్. గంతసేపు ఎవడు నిలవడ్తడు? మొదలు ఆగుమను. ఎందుకో ఎన్క చెప్పు.”

“మేస్త్రీ, వ్యాకరణం నాకే నేర్పుతావా?” అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే ఈనాటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

కన్నడ సీమ నుంచి కొత్తగా వచ్చిన శివప్పకు తెలుగు అంతంతమాత్రం. నా వాక్యంలో అతనికి అందినవి ‘మూడో ఈల’, ‘ముట్టించ’. ఒకరోజు మూడో ఈల వినగానే వత్తి ముట్టించాడు. అప్పుడు గుంతలో, కాలు మెలికపడిన కూలీని నర్సప్ప భుజానికి ఎత్తుకుంటున్నాడు. కూలీ బతికాడు. రాతిపెళ్లలు తగిలి నర్సప్ప రెండు కళ్లూ పోయాయి. శివప్పను తిట్టి, కొట్టి తరిమేశారు. నేను నోరు విప్పలేదు.

వికారాబాదు దవాఖానాలో మంచం పక్కన నిలబడి, “తప్పు నాది. హెచ్చరిక మళ్లీ రాసి తెచ్చాను” అన్నాను.

“ఎరుకే. ఏడ్సుడు ఇంటికి పొయ్యి ఏడ్సు. ఈడ సదువు.”

కొత్తగా రాసింది చదివాను: “కింద మనుషులున్నారా? ఆగు. జెండా ఎత్తలేదా? ఆగు. మూడో ఈల కాలేదా? ఆగు. అన్నీ అయ్యాయా? ముట్టించు.”

కట్టు కింద ఆయన పెదవులు కదిలాయి. “గిది శివప్పకు గూడ సమజైతది. పాపం, ఆన్ని మల్ల పిలిపియ్యి. తప్పు ఎవలదో మాలిక్‌కు చెప్పు.”

సరేనన్నాను. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్లు ఎన్ని ఉత్తర్వులు రాసినా ముందు ‘ఆగు’ అనే రాశాను, ఒక్కరికీ గోరంత దెబ్బ తగలలేదు. శివప్ప సంగతి మాత్రం, యజమాని కోపం చల్లారితే, నా ఉద్యోగం గట్టిపడితే, చెల్లెలి పెళ్లయితే, అప్పుడు చెబుదామనుకున్నాను. కోపం చల్లారింది, ఉద్యోగం గట్టిపడింది, పెళ్లీ అయింది. ఆ వాక్యం చివర రావలసిన ‘తప్పు శివప్పది కాదు, నాది’ అన్న మాట నా నోట ఇంతవరకు రాలేదు.