ఐదో సింఫనీకి పత్తి సర్వే

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. 1954 చివర్లో, తొలకరిలో వేసే ముంగారి పత్తి మార్కెట్టుకు రావడం మొదలవుతుండగా, నన్ను నంద్యాల కొనుగోలు కేంద్రం నుంచి ఆదోనిలోని ప్రెస్సింగ్ ఫ్యాక్టరీకి అసిస్టెంట్ సెలెక్టరుగా బదిలీ చేశారు. సెలెక్టరంటే పత్తిని చూసి దాని రకం, పోగు పొడవు, శుభ్రత తేల్చేవాడు. పిడికెడు దూది తీసుకుని, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య లాగి, పొట్టి పోగులు పారేసి, మళ్లీ లాగి, చివరికి మిగిలిన సన్నని కట్టను నల్లగుడ్డ మీద పరిచి చూస్తాం. ఆ పని ఉత్తరం వైపు కిటికీ దగ్గరే చేయాలి. నేరుగా ఎండ పడితే పసుపు పత్తి కూడా తెల్లగానే కనిపిస్తుంది.

కొన్నవాడికీ అమ్మినవాడికీ సరుకు మీద తగువు వస్తే సర్వే జరుగుతుంది. బేరంలో చూపిన సరుకు, తర్వాత వచ్చిన సరుకు, రెండింటి నమూనాలనూ నీలం కాగితంలో చుట్టి అంకె మాత్రం వేస్తారు. చెరో పక్షం నుంచి ఒక సర్వేయరు చూస్తాడు. వాళ్లకు పొంతన కుదరకపోతే అంపైరు మాటే చివరి మాట. తగువు పడ్డవాళ్లు ఆ గది ఛాయలకు రాకూడదు. వర్తకుల సంఘం సర్వే ప్యానెల్లో చేరాలని నాకు చాలా ఏళ్లుగా పట్టుదల. చేతిలో పనితనం ఉందని నాకు తెలుసు. కాకపోతే కంపెనీ మేనేజరు సిఫారసు లేనిదే పేరు ముందుకు కదలదు.

మా మేనేజరు రాఘవరెడ్డిగారు ఆలూరు వైపు మనిషి. మాంచెస్టరులో బట్టల మిల్లుల చదువు చదివి వచ్చినా మాట మాత్రం మా సీమ మాటే. సిఫారసు సంగతి అడిగితే ఆయన ఒకటే అనేవారు. "ప్యానెల్లో కూచునేవానికి కండ్లుంటే సాలదు తిమ్మప్పా, నోరుండాల. ఎదుటోని ముఖం సూసి తీర్పు సెప్పేవాడు నాకొద్దు."

ఆయనకు పత్తి తర్వాత ప్రాణం ఒక రష్యా సంగీతకర్త. ఆ పేరు నేనిక్కడ రాయను. మేనేజరుగారు ఒక రకంగా, ఆయన స్నేహితుడు డాక్టరు దేవదానంగారు ఇంకో రకంగా పలికేవారు, దాని మీద కూడా వాళ్లకు తగువే. పెద్ద వాద్యబృందం కలిసి వాయించే నాలుగు భాగాల రచనను సింఫనీ అంటారు. అప్పటి రికార్డు ఒక పక్క నాలుగైదు నిమిషాలకు మించి పలకదు కాబట్టి, ఒక సింఫనీ అంటే ఒక దొంతర రికార్డులు. అదే సింఫనీని వేర్వేరు బృందాలు వాయించి రికార్డు చేస్తాయి. మేనేజరుగారి దగ్గర నాలుగోది రెండు రకాలు, ఆరోది మూడు రకాలు ఉండేవి. ఆదివారం వాళ్లింట్లో అవి ఒకదాని తర్వాత ఒకటి మోగేవి. ఇక్కడ ఇత్తడి కొమ్ములు ముందుకు దూకినాయి, అక్కడ వయొలిన్లు వెనకబడినాయి అని ఇద్దరూ లెక్కలు తీసేవారు. సెలెక్టరు అన్నవాడు దేన్నైనా పోల్చడం నేర్చుకోవాలని నన్నూ పిలిచేవారు. నేను అక్కడ పెట్టే బొరుగుల ఉగ్గాని, బజ్జీల కోసమే వెళ్లేవాణ్ని. నాకు మొదట్లో అదంతా ఒకటే రొద.

అసలు తగువు ఐదో సింఫనీ దగ్గర. డాక్టరుగారు ఎమ్మిగనూరులో ప్రాక్టీసు చేసేవారు. యుద్ధంలో సైన్యంతో బాగ్దాదు వెళ్లినప్పుడు అక్కడి బజారులో ఒక కీ గ్రామఫోను, దాంతోపాటు ఈ ఐదో సింఫనీ రికార్డులు కొనుక్కున్నారు. లేబులు మీద వాయించినవాళ్ల పేరు లేదు. మేనేజరుగారిది బొంబాయిలో కొన్నది, పెద్ద బృందం పేరున్నది. ఆయన ఎమ్మిగనూరు పోయి డాక్టరుగారి రికార్డు విని, "ఇది ఏడుపుగొట్టు వాయింపు" అని తేల్చారు. డాక్టరుగారు ఆదోనిలో ఈయనది విని, "మీవాళ్లు బస్సు తప్పిపోతాదని పరిగెత్తినట్ల వాయించినారు" అన్నారు. పగులుతాయన్న భయంతో డాక్టరుగారు తన రికార్డులు ఇల్లు దాటించేవారు కాదు. అందుకని రెండూ ఒకే చోట ఎన్నడూ మోగలేదు. తగువు మాత్రం ఏళ్ల తరబడి మోగింది. చివరికి మాటలు ముదిరి, ఆదివారం ఉగ్గాని కూడా ఆగిపోయే స్థితి వచ్చింది.

అప్పుడు మేనేజరుగారికి ఒక ఆలోచన తట్టింది. పత్తికి సర్వే పెట్టినట్టే దీనికీ పెడదాం, అంపైరు తిమ్మప్ప అన్నారు. నాకు సంగీతం రాదు కాబట్టి పక్షపాతం కూడా ఉండదని డాక్టరుగారు ఒప్పుకున్నారు. ఆయన వెళ్లాక మేనేజరుగారు నా వైపు తిరిగి, ఈ తీర్పు చూశాకే ప్యానెల్ సిఫారసు సంగతి ఆలోచిస్తానన్నారు. ఆయన రికార్డును బాగులేదంటే ఆయనకు కోపం, బాగుందంటే నోరు లేనివాణ్నన్న అనుమానం. ఎటు చూసినా నాకే ముప్పు.

ఫ్యాక్టరీ సెలవు రోజు. తగువు తేలాలంటే తప్పదని డాక్టరుగారు ఈసారి రికార్డులను ఎమ్మిగనూరు దుప్పట్లలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. మా వైర్‌మన్ మస్తాన్ మేనేజరుగారి కరెంటు గ్రామఫోనును నమూనాల గదిలోకి చేర్చి, లేబుళ్ల మీద నీలం కాగితం అంటించి ఒకటి, రెండు అని అంకెలు వేశాడు. పెద్దమనుషులిద్దరినీ కాంపౌండు అవతల ఆఫీసులో కూర్చోబెట్టాం. తగువంతా నిదానంగా సాగే రెండో భాగం మీదే కాబట్టి, దొంతరకు మూడు పక్కలు వింటే చాలనుకున్నాం.

ఒకటో దొంతర శుభ్రంగా పలికింది. రెండోది మొదలు నుంచీ పెనం మీద చిటపటలాగా ఒకటే గరగర. యుద్ధం చూసి వచ్చినదేదో చెప్పడానికి అంపైరు అక్కర్లేదు. ఒకటోదే మేలు అని చెప్పి బయటికి వస్తే మేనేజరుగారికి సంతోషం, నాకు ప్యానెలు. కానీ పత్తిలో మాకు మొదట నేర్పేది, దారిలో అంటిన దుమ్ము వేరు, చేలో కలిసిన చెత్త వేరు అని. బండి మీద పడిన మట్టిని చూసి దూదికి గ్రేడు తగ్గించకూడదు. దూదిలో ఇరుక్కున్న ఆకుపొడి, కాయ పెంకు చూస్తే మాత్రం అది ఏ వైపు సరుకో, ఏ లాటుదో, అంటే కలిసి వచ్చిన ఏ సరుకు మొత్తంలోదో, చాలాసార్లు పట్టేయవచ్చు. సంగీతం నాకు తెలియదు, చెత్త తెలుసు. మళ్లీ వేయమన్నాను.

ఈసారి పాట సంగతి వదిలేసి చెత్త వెతికాను. ఒక కొమ్ము ఒంటరిగా పలికే చోట, వెనక ఎక్కడో కుర్చీ కిర్రుమంది. కాసేపటికి ఎవరో గొంతు సవరించుకున్నారు. రెండో దొంతరలో గరగర కింద నుంచి అదే చోట అదే కుర్చీ, అదే గొంతు. పక్క అయిపోయి పాట తెగే చోటు కూడా రెండింటిలోనూ ఒకటే. మస్తాన్‌ను అడిగాను. అతను గ్రామఫోనుకు చెవి ఆనించి విని, "రెండూ ఒక్కటే సాబ్, కసమ్" అని ఒట్టు పెట్టాడు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. సర్వేలో 'రెండూ సమానం' అనేది పిరికివాడి మాట. ఎవరినీ నొప్పించకుండా ఇల్లు చేరాలనుకునే అంపైరు ఆ మాటే అంటాడు. మేనేజరుగారికి అలాంటివాళ్లంటే ఒళ్లుమంట. నేను చెప్పబోయే నిజం సరిగ్గా ఆ మాటలాగే వినిపిస్తుంది. అయినా ఉన్నదాన్ని లేదనడం నా వల్ల కాదు. ఆఫీసుకు వెళ్లి రెండూ ఒకటే అన్నాను.

మేనేజరుగారి ముఖం మాడిపోయింది. "ఏమప్పా, నువ్వూ అంతేనా?" అన్నారు. డాక్టరుగారు నవ్వి, జీతమిచ్చే మనిషి ముందర ఇంకేం చెప్తాడులే అన్నారు. ఆ మాటకు నాకు నిజంగానే కోపం వచ్చింది.

"సమానమని సెప్పలేదు సార్. ఇది ఒకే లాటు, రెండు మార్కాలేసి అమ్మినారు. నమ్మకుంటే వచ్చి ఇనండి, యాడ కుర్చీ కదుల్తాదో నేను సెయ్యెత్తి సూపిస్తా."

నలుగురం నమూనాల గదిలో కూర్చున్నాం. ఒకటో దొంతరలో కొమ్ము మొదలైంది. నేను చెయ్యి ఎత్తాను, కుర్చీ కిర్రుమంది. మళ్లీ ఎత్తాను, గొంతు సవరించుకున్నారు. రెండో దొంతరలోనూ అంతే, చెయ్యి ఎత్తడం, చప్పుడు రావడం. మూడోసారి పెట్టినప్పుడు మేనేజరుగారే నాకంటే ముందు చెయ్యి ఎత్తారు. ఒక కంపెనీ చేసిన రికార్డును వేరే దేశంలో ఇంకొకరు పేర్లు లేకుండా తమ లేబులుతో అమ్మడం ఉందని ఆయన అప్పుడు చెప్పారు. వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి తన్నుకున్నది ఒకే వాయింపు కోసం.

మరి ఒకటి ఏడ్చినట్టు, ఒకటి పరిగెత్తినట్టు ఎందుకు వినిపించింది? నా తీర్పుకు ఆ ఒక్క వెలితి మిగిలింది. దాన్ని కూడా తేల్చాలని మరుసటి ఆదివారం అందరం మేనేజరుగారి కారులో ఎమ్మిగనూరు వెళ్లాం. మేనేజరుగారి బొంబాయి రికార్డునే డాక్టరుగారి కీ గ్రామఫోను మీద పెట్టాం. అంత హుషారైన రికార్డు కూడా గొంతు దించి, నిదానంగా, దిగులుగా పలికింది. మస్తాన్ మూత ఎత్తి చూశాడు. వేగం సరిచేసే మీట ఎప్పుడో విరిగి, పళ్లెం నెమ్మదిగా తిరుగుతోంది. తీగముక్క కడితే ఐదు నిమిషాల్లో బాగవుతుందని జేబులోంచి పటకారు తీశాడు.

డాక్టరుగారు అతని చెయ్యి పట్టుకున్నారు. "వద్దు మస్తాన్. బాగ్దాదు ఆస్పత్రి గుడారంలో, కాళ్లు పోయిన సిపాయి పిలకాయల మధ్యన, నేను దినామూ ఇన్నది దీన్నే. తప్పయితే తప్పే కానీ. నాకు ఇట్లనే కావాల."

రికార్డు గుట్టు పట్టుకోవడంలో నేనెంత గట్టివాణ్నో అనుకుంటూ వచ్చినవాణ్ని, ఆయన ముఖం చూశాక నా గొప్ప దిగిపోయింది. నాకు చాలా బాధ కలిగింది. ఎప్పుడూ ఆటపట్టించే మేనేజరుగారు కుర్చీలోంచి లేచారు. తానే కీ తిప్పి, కొమ్ము పలికే పక్కను మొదటి నుంచి పెట్టారు. అందరం చివరిదాకా విన్నాం. అది ఏడుపుగొట్టు వాయింపని ఆయన మళ్లీ ఎప్పుడూ అనలేదు.

ఆదోనికి తిరిగి వస్తూ దారిలో, నా పేరు పంపిస్తున్నానని చెప్పారు. "తేడా ఉందని అరిసేటోళ్లను శానామందిని సూసినా. ఒకటేనని సెప్పి నిలబడినోన్ని నిన్నే సూస్తాండా" అన్నారు. ఆ సీజను ముగిసేలోగా ప్యానెల్లో కూర్చున్నాను. ఉద్యోగం విరమించేదాకా కూర్చుంటూనే ఉన్నాను.

ఆ సర్వే వల్ల నేను నేర్చుకున్నది ఇంతే. రెండు నమూనాలను ఒకే కిటికీ దగ్గర చూడనిదే నోరు విప్పకూడదు. రెండూ ఒకటే అనాలంటే ఎక్కడెక్కడ ఒకటిగా ఉన్నాయో వేలు పెట్టి చూపించగలగాలి. అంపైరుకు సరుకు మీదే అధికారం. దాన్ని తెచ్చుకున్న మనిషి దాంట్లో ఏం వింటాడన్నది ఆ అధికారంలోకి రాదు.